194వ పాయ: డెల్టా డేటా దారుల్లో రొదతో పోరు

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్‌లో దాని చిరునామా 837 కిలోహెర్ట్జ్. ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే డెల్టా పల్లెలు చెవులప్పగించి విన్నది ఆ నంబరు మీదే. భక్తిరంజని కోసం, ప్రాంతీయ వార్తల కోసం ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పి ఆపింది అక్కడే. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ తెచ్చాక, ఆ నంబరుకు ఇంకో చోట కూడా పని పడింది. ఈసారి అది పిలవని పేరంటం.

అప్పటి బ్రాడ్‌బ్యాండ్ నడిచింది టెలిఫోను రాగి తీగ మీదే. మాటకు 4 కిలోహెర్ట్జ్ చాలు. ఆ పైన 1,104 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ఖాళీని ఏడీఎస్ఎల్ మోడెమ్ వాడుకుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి దివిసీమను చుట్టినట్టు, మోడెమ్ ఆ తీగను 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న 256 సన్నటి పాయలుగా చీల్చి, ఒక్కో పాయలో కొంత డేటా పారించింది. 837ను 4.3125తో భాగించి చూడండి. దాదాపు 194 వస్తుంది. అంటే విజయవాడ రేడియో సరిగ్గా 194వ పాయ మీద పడుతుంది. స్తంభం నుంచి ఇంటి గోడ దాకా గాల్లో వేలాడే తీగ మోడెమ్‌కు దారి అయితే, రేడియో తరంగానికి ఏరియల్. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఉన్న ఊళ్లో ఆ తీగ కొంత పాటను పట్టుకోక మానదు.

లెక్క చిన్నదే, దాని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం పెద్దది. డేటా వేగం పెరగాలంటే వెడల్పు కావాలి. వెడల్పు పెరిగేకొద్దీ ఆ దారిలో ఎవరో ఒకరు ముందే కాపురం ఉంటారు. వాళ్లను వెళ్లగొట్టే హక్కు చాలాసార్లు ఉండదు. మరి చొరబడే సిగ్నల్‌ను మన సిగ్నల్ నుంచి ఎలా వేరు చేయాలి? అరవై ఏళ్లకు పైగా ఇంజినీర్లు దీనికి సమాధానాలు వెతుకుతున్నారు. వాటిలో అన్నిటికన్నా గొప్పది, పరిస్థితిని బట్టి తనను తాను దిద్దుకునే ఫిల్టర్. అది ఎక్కడ గెలుస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది విజయవాడ చుట్టుపక్కలే చూసి తేల్చుకోవచ్చు.

తప్పుకుని పారడం

మొదటి పద్ధతి రొదతో తలపడదు, తప్పుకుంటుంది. ఏడీఎస్ఎల్ మోడెమ్ ఆన్ చేయగానే దీపాలు కాసేపు మినుకుమినుకుమంటాయి. ఆ వ్యవధిలో అవతలి ఎక్స్ఛేంజీతో కలిసి అది ప్రతి పాయలోనూ సిగ్నల్ ఎంత, రొద ఎంత అని కొలుస్తుంది. శుభ్రంగా ఉన్న పాయకు ఒక విడతలో 15 బిట్ల దాకా మోసే పని అప్పగిస్తుంది. సెకనుకు 4,000 విడతలు కాబట్టి ఒక్కో పాయ గరిష్ఠంగా 60 కిలోబిట్లు మోస్తుంది. రేడియో కూర్చున్న పాయకు రెండో మూడో బిట్లు ఇస్తుంది, లేదా అసలు ఖాళీగా వదిలేస్తుంది. లైన్ నడుస్తుండగా పరిస్థితి మారితే ఒక పాయ బరువును పక్క పాయకు మారుస్తుంది. పాటా ఆగదు, నెట్టూ ఆగదు.

ఇందులో ఒక చిక్కుంది. బలమైన రేడియో సిగ్నల్ తన పాయలోనే బుద్ధిగా కూర్చోదు. మోడెమ్ సిగ్నల్‌ను ముక్కలుగా కోసి లెక్కగట్టే తీరు వల్ల ఆ రొద అటూ ఇటూ ఉన్న పాయల్లోకి చిందుతుంది. అందుకే మంచి మోడెమ్‌లు ఆ కోత అంచులను నున్నగా చేసి చిందును తగ్గిస్తాయి. పొద్దు గూకాక ఇంకో సమస్య. పగలు వినపడని దూరపు మీడియం వేవ్ స్టేషన్లు రాత్రి పూట అయనావరణం మీద పడి తిరిగొస్తాయి. రాగి తీగ మీద బతికిన బ్రాడ్‌బ్యాండ్ రాత్రిళ్లు నెమ్మదించడానికి అందరూ ఒకేసారి వాడటం ఒక కారణమైతే, కొన్ని లైన్లలో ఇది రెండో కారణం.

తప్పుకునే పద్ధతికి ఇవాళ అందరి చెవుల్లోనూ ఉదాహరణ ఉంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతాయి. ఏ చానల్లో వైఫై అడ్డొస్తుందో గమనించి దాన్ని జాబితాలోంచి తీసేస్తాయి. అలా తీసేసే తెలివి 2003లో వచ్చిన 1.2 వెర్షన్‌తో చేరింది. బెసెంట్ రోడ్డు రద్దీలో, చుట్టూ ప్రతి దుకాణంలోనూ వైఫై ఉన్నా పాట తెగకుండా వినిపించడం దాని చలవే.

అయితే తప్పుకోవడానికి పక్కన ఖాళీ ఉండాలి. అన్ని పాయల్లోనూ రొద నిండితే ఎటు తప్పుకోవాలి?

లస్కరు విద్య

రెండో పద్ధతి తప్పుకోదు, తీసివేస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి బందరు కాలువ మీద లాకుల దగ్గర పనిచేసే లస్కరును తలచుకుంటే చాలు. దిగువన గేజీ చూస్తాడు. నీటిమట్టం ఉండాల్సిన దానికంటే ఎక్కువుంటే షట్టరు కొంచెం దించుతాడు, తక్కువుంటే కొంచెం లేపుతాడు, మళ్లీ గేజీ చూస్తాడు. ఎగువన ఎంత వాన పడిందో, ప్రకాశం బ్యారేజీ 70 గేట్లలో ఎన్ని తెరిచారో అతనికి తెలియకపోయినా పని జరుగుతుంది. తేడా ఎంతుందో చూసి, ఆ తేడా తగ్గే దిక్కుకు చిన్న చిన్న దిద్దుబాట్లు చేసుకుంటూ పోవడమే విద్య. షట్టరు ఒక్కసారిగా ఎత్తితే కింద గట్టు తెగుతుంది. మరీ జంకితే చివరి భూములకు నీరందదు.

స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, ఆయన శిష్యుడు టెడ్ హాఫ్ 1959-60లో సూత్రంగా రాసింది సరిగ్గా ఇదే. దాన్ని ఎల్‌ఎంఎస్ అంటారు. ఫిల్టర్‌లో కొన్ని గుణకాలుంటాయి; అవే షట్టర్లు. వచ్చిన సిగ్నల్‌కూ రావాల్సిన సిగ్నల్‌కూ మధ్య తేడాను చూసి, ప్రతి గుణకాన్నీ ఆ తేడాకు తగ్గట్టు రవ్వంత కదుపుతుంది. సెకనుకు కోట్లసార్లు కదిపే ఈ లస్కరుకు అలుపు లేదు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ లక్కీ 1965లో ఇదే ఆలోచనతో టెలిఫోను లైన్ల వంకరలను తనంతట తాను సరిచేసుకునే ఈక్వలైజర్‌ను చూపించాడు. పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్‌లో పుట్టిన మన్‌మోహన్ సోంధీ అదే సంస్థలో 1967లో, దూరపు కాల్స్‌లో మాట ప్రతిధ్వనించకుండా తీసివేసే పద్ధతిని సిద్ధాంతంగా నిలబెట్టాడు.

ప్రతిధ్వనిని తీసివేయడం సాధ్యమైంది ఎందుకు? ఫోను చేసినవాడి మాట ఏమిటో యంత్రానికి ముందే తెలుసు. తిరిగొచ్చినది ఆ మాటకే కాస్త ఆలస్యమైన, కాస్త వంకరపోయిన రూపం. ఎంత ఆలస్యం, ఎంత వంకర అన్నది నేర్చుకుంటే తీసివేత సులువు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా కథంతా విప్పుకోవచ్చు: రొద నమూనా విడిగా చేతికి దొరికిన చోట ఈ ఫిల్టర్ గెలుస్తుంది.

ఒక చిన్న సాకెట్ లోపల

గెలుపు ఎంత పెద్దదో చూడాలంటే దుకాణంలోనో, కాలేజీ ల్యాబ్‌లోనో కంప్యూటర్ వెనుక ఉన్న లాన్ సాకెట్ చాలు. 1999లో ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్‌నెట్ కేబుల్‌లో మెలిపెట్టిన నాలుగు జతల తీగలుంటాయి. ఒక్కో జత సెకనుకు 250 మెగాబిట్లు మోస్తుంది, అదీ ఒకే సమయంలో రెండు వైపులకూ. అంటే సాకెట్ ఒకే తీగ మీద అరుస్తూనే అవతలివాడి గుసగుస వినాలి.

ఆ సాకెట్‌కు ఎన్ని గోలలో లెక్క చూడండి. తన జతలో తాను పంపినదే ప్రతిధ్వనిగా వెనక్కొస్తుంది. నాలుగు జతలకు నాలుగు. పక్కనున్న మూడు జతల్లో తాను పంపుతున్నది ఈ జతలోకి కారుతుంది. నాలుగు జతలకు మూడేసి చొప్పున పన్నెండు. మొత్తం పదహారు గోలలు, అన్నీ సొంతింటివే. సొంతింటివి కాబట్టే ప్రతి గోల నమూనా చిప్ చేతిలో ఉంటుంది. పదహారు నేర్చుకునే ఫిల్టర్లు పదహారింటినీ తీసివేస్తాయి. కేబుల్ పొడవును బట్టి సిగ్నల్ సాగిపోవడాన్ని సరిచేసే ఈక్వలైజర్లు వాటికి అదనం. తీగ గుచ్చగానే దీపం వెలిగేలోపు ఈ చదువంతా అయిపోతుంది. గది వేడెక్కితే, తీగ వంగితే మళ్లీ దిద్దుకుంటుంది. మామూలు ఆఫీసు తీగ మీద గిగాబిట్ పారడం ఈ తీసివేతల పుణ్యమే.

టెలిఫోను కట్టల్లో పక్కింటి లైన్ నుంచి కారే రొదకు కూడా ఇదే మందు వేయాలని 2010లో వెక్టరింగ్ అనే ప్రమాణం వచ్చింది. ఎక్స్ఛేంజీ వైపు అన్ని లైన్లనూ ఒకే యంత్రం చూస్తే, ఏ లైన్లో ఏం పంపుతున్నదీ దానికి తెలుసు కాబట్టి ఒకదాని రొదను ఇంకోదాంట్లోంచి ముందే తీసివేయగలదు. యూరప్‌లో పాత రాగి తీగలకు అది మరికొన్నేళ్ల ఆయుష్షు పోసింది. మన దగ్గర రాగికి ఆ ఓపిక లేకపోయింది, ఫైబర్ వచ్చేసింది.

ఎంత నేర్చినా ఒక హద్దు

నేర్చుకోవడానికీ పరిమితి ఉంది. దాన్ని గణితంలో కట్టి చూపిన మనిషికి ఈ నేలతో చుట్టరికం ఉంది. కల్యంపూడి రాధాకృష్ణారావు చిన్నప్పటి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తాలో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ఒక విషయం నిరూపించింది: చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో దాన్ని బట్టి, పక్షపాతం లేని ఏ అంచనాకైనా మిగిలే పొరపాటు ఒక హద్దు కిందికి దిగదు. స్వీడన్ గణితవేత్త పేరుతో కలిపి దాన్ని క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి దక్కింది; అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఫిల్టర్ల పనికి దీని అర్థం సూటిగా ఉంటుంది. రొద వచ్చే దారి ఎలా ఉందో ఫిల్టర్ కొన్ని నమూనాలు చూసి అంచనా కడుతుంది. నమూనాలు తక్కువైతే, వాటిలోనూ తెలియని రొద కలిసి ఉంటే, ఎంత తెలివైన పద్ధతైనా కొంత పొరపాటు మిగులుతుంది. దారి నెమ్మదిగా మారితే ఎక్కువసేపు చూసి బాగా నేర్చుకోవచ్చు. వేగంగా మారితే నేర్చుకునేలోపే పాఠం మారిపోతుంది.

రైలు తీగ, కరెంటు తీగ

కొన్ని రొదలను వినేచోట కన్నా పుట్టేచోట అణచడమే తెలివైన పని. విజయవాడ దీనికి పాత సాక్షి. మద్రాసు-విజయవాడ రైలు మార్గం 1980 నాటికి పూర్తిగా విద్యుదీకరణ అయింది. తలపైన 25 వేల వోల్టుల ఒంటి తీగ. కరెంటు తిరిగి వెళ్లేది పట్టాల గుండా, కొంత నేల గుండా. పట్టాల పక్కనే పోయే టెలిఫోను తీగలో అది 50 హెర్ట్జ్ హూంకారాన్ని, ఇంజిన్ రెక్టిఫయర్ల వల్ల 150, 250 హెర్ట్జ్ లాంటి దాని గుణిజాలనూ పుట్టిస్తుంది. ఆ గుణిజాల్లో చాలావరకు మాట వినిపించే మేరలో పడతాయి. పెద్ద ఇంజిన్ కదిలితే తీగలో వందల వోల్టులు ప్రేరేపితం కావచ్చు. అది రొద సమస్య దాటి, లైన్‌మన్ ప్రాణాల సమస్య అవుతుంది.

దీనికి ఫిల్టర్లతో కాక నిర్మాణంతోనే జవాబిచ్చారు. గాల్లో వేలాడే తీగలు తీసి లోహపు తొడుగున్న కేబుల్ భూమిలో వేశారు. తిరుగు కరెంటు నేలలోకి చెదరకుండా బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టారు. హైటెన్షన్ లైన్ వేసే ముందు టెలికాం లైన్ల మీద దాని ప్రభావం లెక్కగట్టి అనుమతించేందుకు విద్యుత్, టెలికాం శాఖల సమన్వయ కమిటీ, అందరూ పీటీసీసీ అనేది, దేశంలో చాలాకాలంగా ఉంది. పేపర్ల మీద ముందే జరిగే ఈ పని ఎవరికీ కనపడదు. ఆ తర్వాత పెట్టే ఏ ఫిల్టరైనా దాని మీదే ఆధారపడి నిలుస్తుంది.

ఫైబర్ ఈ గొడవను ఇంకో తీరుగా తీర్చింది. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. రాగి తీగను అలా కరెంటు తీగ కిందే లాగి ఉంటే హూంకారం తప్ప ఇంకేమీ వినపడేది కాదు. లోహం లేని గాజు పోగులో వెలుగు పోతుంది. దానికి ఆ హూంకారంతో పని లేదు.

గాజుకూ తన రొద ఉంది. వందల గిగాబిట్ల వేగంతో నగరాలను కలిపే లింకుల్లో కాంతిని ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశల్లో, అంటే రెండు ధ్రువణాల్లో, రెండు వేర్వేరు డేటాలుగా పంపుతారు. దారిలో ఫైబర్ వంపుల వల్ల అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అవతల చివర నాలుగు నేర్చుకునే ఫిల్టర్ల ముడి వాటిని మళ్లీ విడదీస్తుంది. భూమిలో ఉన్న కేబుల్‌లో ఈ కలగలుపు మెల్లగా మారుతుంది కాబట్టి పని తేలిక. నున్న లాంటి 400 కేవీ సబ్‌స్టేషన్లకు వచ్చే పెద్ద టవర్ల నెత్తిన ఎర్తు తీగ ఉంటుంది. చాలా లైన్లలో దాని కడుపులోనే ఫైబర్ ఉంటుంది. ఆ తీగ మీద పిడుగు పడితే, కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం కాంతి ధ్రువణాన్ని సెకనుకు లక్షల రేడియన్ల వేగంతో గిరగిర తిప్పేస్తుంది. ఆ క్షణంలో ఫిల్టర్ వెనకబడితే లింకు తెగుతుంది. దారి మారే వేగానికీ నేర్చుకునే వేగానికీ మధ్య పందెం అంటే ఇదే.

గాల్లో ఎవరి హద్దు ఎవరిది

తీగల్లో గోల మనదో, పక్కింటిదో తెలుస్తుంది. గాల్లో అలా కాదు.

2022లో వేలం వేసిన 5జీ స్పెక్ట్రమ్‌లో 3,300 నుంచి 3,670 మెగాహెర్ట్జ్ దాకా ఒక పట్టీ. శాటిలైట్ టీవీ చానళ్లను కేబుల్ ఆపరేటర్లు దించుకునే సీ-బ్యాండ్ 3,700 దగ్గర మొదలవుతుంది. మధ్య గట్టు 30 మెగాహెర్ట్జ్. ఆ ఏడాది డిసెంబరు 26న విజయవాడ, గుంటూరుల్లో జియో 5జీ మొదలైంది. మేడ మీద పెద్ద డిష్ ఉన్న ఆపరేటర్ బాధ ఊహించండి. ఆయన సిగ్నల్ 36 వేల కిలోమీటర్ల పైనుంచి అలసిపోయి వస్తుంది. 5జీ టవర్ వీధి చివరే ఉంది. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీ చాలా సున్నితం. పక్క పట్టీ నుంచి బలమైన సిగ్నల్ లోపలికొస్తే అది ఉక్కిరిబిక్కిరై, టీవీ సిగ్నల్ రూపమే చెడిపోతుంది. రూపం చెడ్డాక వెనక ఎంత తెలివైన డిజిటల్ ఫిల్టర్ పెట్టినా ప్రయోజనం లేదు, తీసివేయడానికి మూలం మిగలదు. ఇక్కడ మందు ఎల్ఎన్‌బీకి ముందు బిగించే లోహపు బ్యాండ్‌పాస్ ఫిల్టర్. అది ఏమీ నేర్చుకోదు, ఒకే పట్టీని రానిస్తుంది. దాని స్థానాన్ని మరే అల్గారిథమ్ తీసుకోలేదు.

జనం కిక్కిరిసిన చోట లెక్క వేరు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాల్లాంటి వేళల్లో, ఏటా దసరాకు ఇంద్రకీలాద్రి కింద, వేలమంది ఫోన్లు ఒకేసారి అరుస్తాయి. టవర్లు దగ్గరదగ్గరగా పెడితే ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి రొద. దీనికి జవాబు యాంటెన్నాల సంఖ్యలో ఉంది. రెండు మూడు యాంటెన్నాలకు ఒకే రొద వేర్వేరు ఆలస్యాలతో చేరుతుంది. వాటిని తగిన పాళ్లలో కలిపితే ఆ దిక్కు నుంచి వచ్చేది రద్దవుతుంది. పాళ్లు నేర్చుకునేందుకు టవర్ పంపే తెలిసిన గుర్తులు ఆధారం. 4జీ ప్రమాణాల్లో 11వ విడుదల నుంచి ఇలాంటి రిసీవర్ల సామర్థ్యం రాతపూర్వకంగా చేరింది. అయితే ఎన్ని యాంటెన్నాలుంటే అంతకు ఒకటి తక్కువ రొదలనే రిసీవర్ పూర్తిగా అణచగలదు. ఘాట్ మీద రొదలు ఆ లెక్కకు లొంగేవి కావు. అందుకే అలాంటి రోజుల్లో తాత్కాలిక టవర్లు, తక్కువ శక్తి, జాగ్రత్తగా వంచిన యాంటెన్నాలు తప్పవు.

పల్లెల్లో సమస్య తలకిందులు: టవర్ దూరం, ఫోను గొంతు చిన్నది. హైదరాబాద్ ఐఐటీలో కిరణ్ కూచి బృందం దీని మీదే పనిచేసింది. ఫోను పంపే తరంగంలో ఎత్తుపల్లాలు బాగా తగ్గించే పద్ధతి ఒకటి వాళ్లు ముందుకు తెచ్చారు. తరంగం సమంగా ఉంటే ఫోనులోని యాంప్లిఫయర్ పక్క చానళ్లలోకి రొద చిమ్మకుండానే గట్టిగా పలకగలదు. పొలాల మధ్య దూరపు టవర్లను దృష్టిలో పెట్టుకున్న 5జీఐ ప్రమాణానికి అది పునాది అయింది. తర్వాత దాన్ని ప్రపంచ 5జీ ప్రమాణాల 17వ విడుదలలో కలిపారు. రొదను వడకట్టడం కన్నా చిమ్మకుండా ఉండటం మేలన్న దారి ఇది.

తీరం తెచ్చే చిక్కు

చదునైన తీర మైదానాలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సముద్రం మీది చెమ్మగాలి పైకి వేడి పొడిగాలి వచ్చి మూతలా కూర్చుంటే, ఆ రెంటి మధ్య రేడియో తరంగం గొట్టంలో పోయినట్టు వందల కిలోమీటర్లు పోతుంది. దాన్ని డక్టింగ్ అంటారు. ఒకే పట్టీలో కాసేపు పంపుతూ, కాసేపు వింటూ నడిచే టీడీడీ నెట్‌వర్కులకు ఇది ప్రమాదం. రేడియో తరంగం మిల్లీసెకనుకు 300 కిలోమీటర్లు పోతుంది. ఎక్కడో దూరపు టవర్ పంపినది, ఇక్కడి టవర్ వినే వేళకు వచ్చి పడుతుంది. అది ఎవరిదో ఇక్కడి టవర్‌కు తెలియదు. నమూనా లేని రొద. నేర్చుకునే ఫిల్టర్‌కు ఇదే అన్నిటికన్నా కష్టమైన పరీక్ష.

5జీ ప్రమాణాల 16వ విడుదల దీనికి తెచ్చిన పరిష్కారం ఆసక్తికరం. రొద పడుతున్న టవర్ ఒక ప్రత్యేక గుర్తును గాల్లోకి పంపుతుంది. గొట్టం అటూ ఇటూ ఒకటే కాబట్టి, ఆ గుర్తు రొద చేస్తున్న దూరపు టవర్‌కు చేరుతుంది. అప్పుడది పంపే వేళను కుదించుకుంటుంది, లేదా యాంటెన్నాను వంచుకుంటుంది. వాతావరణం మారి గుర్తు వినపడటం ఆగితే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ముక్కూ మొహం తెలియని రెండు టవర్ల మధ్య కుదిరే ఒప్పందం ఇది.

అలాంటి ఒప్పందం కుదరని చోటూ ఉంది: డ్రోన్లు ఎగిరే గాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించారు. అదే ఏడాది అక్టోబరు 22న పున్నమి ఘాట్ పైన 5,500కు పైగా డ్రోన్లు బొమ్మలు కట్టి ఐదు గిన్నిస్ రికార్డులు తెచ్చాయి. రెండు సందర్భాల అవసరాలు వేరు. ప్రదర్శనల్లో ఏ డ్రోన్ దారిని దాని మెదడులో ముందే నింపుతారు. గాలి మీద పోవాల్సిన డేటా తక్కువ. వరదలో అలా కుదరదు. ఏ మేడ మీద మనుషులున్నారో అప్పటికప్పుడు వీడియోలో చూడాలి, పొట్లం ఎక్కడ దించాలో చెప్పాలి. అలాంటి డ్రోన్లు ఎక్కువగా ఆధారపడేది లైసెన్సు అక్కర్లేని 2.4, 5.8 గిగాహెర్ట్జ్ పట్టీల మీద. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ దగ్గర 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక అక్కడ చోటు పెరిగింది, వైఫై రౌటర్లూ పెరిగాయి. అపార్ట్‌మెంట్ల మధ్య ఎగిరే డ్రోన్‌కు ప్రతి బాల్కనీ ఒక రొద. అందులో ఒక్కదాని నమూనా కూడా దాని దగ్గర ఉండదు. ఇప్పటికి దాని చేతిలో ఉన్నది పాత ఏడీఎస్ఎల్ మోడెమ్ చేసిన పనే: ఏ చానల్లో గోల తక్కువో కొలవడం, అటు జరగడం. బుడమేరు మళ్లీ పొంగేలోపు ఇక్కడ చేయగల పని ఒకటుంది. సహాయక డ్రోన్లకు కొంత స్పెక్ట్రమ్‌ను ముందే విడిగా కేటాయించి, ఏ అధికారి ఏ చానల్ ఇవ్వాలో విపత్తు ప్రణాళికలో రాసి పెట్టడం.